బెయిలుకే గొలుసు పోయింది, శిక్ష రోజున అడిగేవాడు లేడు

విశాఖ కోర్టు గేటు బయట టీ బడ్డీల దగ్గర వినిపించే మాటల్లో సగం డబ్బు గురించే. బెయిలుకి ఎంతయింది, వాయిదాకి ఎంత పట్టుకెళ్తున్నారు, జామీనుకి ఎవరైనా దొరికారా. నేను లాయర్ని కాను. ఒక సీనియర్ లాయరు గారి దగ్గర ఆరేళ్లు గుమాస్తాగా పనిచేసి ఈమధ్యే మానేశాను. ఫైళ్లు మోయడం, నకళ్లకి అర్జీలు పెట్టడం, వాయిదా తేదీలు డైరీలో రాయడం నా పని. ఆ ఆరేళ్లలో "శిక్ష పడితే జైలు కాకుండా ఇంకేమైనా అడగొచ్చా సార్" అని ముందే అడిగిన క్లయింట్లు ఎంతమందంటే వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. అందరికీ తెలిసింది రెండే మాటలు. బెయిలు, కేసు కొట్టేయడం. ఈ రెండింటికీ మధ్య చట్టంలో చాలా దార్లున్నాయి, కొన్ని 1958 నుంచీ ఉన్నాయి, అడిగేవాడు లేకపోతే అవి ఉన్నా లేనట్టే.

ఒక కేసు చెప్తాను, పేర్లు వద్దు. గోపాలపట్నం వైపు నుంచి ఒకావిడ వచ్చేది, ఇళ్లలో పాచిపని చేసుకునే మనిషి. కొడుక్కి ఇరవై నిండాయి, మద్దిలపాలెం దగ్గర ఒక షాపులో కౌంటర్ మీద పెట్టిన సెల్‌ఫోను జేబులో వేసుకున్నాడు, సాయంత్రానికి దొరికిపోయాడు, ఫోనూ దొరికింది. మొదటి తప్పు. రిమాండుకి పంపారు. ఆవిడ గొలుసు కుదువ పెట్టి ఎవరో చెప్పిన లాయర్ని పెట్టుకుంది, పదకొండు రోజులకి బెయిలు వచ్చింది. ఆ తర్వాత ఫీజు కట్టలేక అక్కడ మానేసి మా ఆఫీసుకి వచ్చింది. ఫైలు తిరగేస్తే ఎఫ్ఐఆర్‌లో ఫోను విలువ 13,999 అని ఉంది. ఫోను కొన్నప్పటి బిల్లు ధర అది. చూస్తే గ్లాసు పగిలి, మూడేళ్లు వాడేసిన ఫోను. కేసు మొత్తం ఆ ఒక్క అంకె మీద నడిచింది.

ఎందుకో చెప్పాలంటే కొత్త చట్టంలోకి వెళ్లాలి. 2024 జూలై 1 నుంచి నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీనే వర్తిస్తుంది. న్యాయ సంహిత 4వ సెక్షన్‌లో శిక్షల జాబితా ఉంటుంది. మరణశిక్ష, యావజ్జీవం, కఠిన జైలు, సాదా జైలు, ఆస్తి జప్తు, జరిమానా. ఇవన్నీ పాతవే. కొత్తగా చివర్లో చేర్చింది సమాజ సేవ. పైసా జీతం లేకుండా పదిమందికీ పనికొచ్చే పని చెయ్యమని కోర్టు ఆదేశించడం.

ఇది విని అందరూ పొరబడేది ఒకటుంది. ఏ కేసులోనైనా "జైలు వద్దు సార్, సేవ చేస్తాను" అనడానికి లేదు. న్యాయ సంహితలో ఆరు నేరాలకే ఈ వీలుంది. ప్రభుత్వోద్యోగి చట్టవిరుద్ధంగా వ్యాపారం చెయ్యడం, కోర్టు ప్రకటన ఇచ్చినా హాజరు కాకపోవడం, అధికారిని ఒత్తిడి చెయ్యడానికి ఆత్మహత్యాయత్నం, తాగి బహిరంగంగా గొడవ, పరువునష్టం, ఇక చిన్న దొంగతనం. తాగి గొడవ చేస్తే 24 గంటల దాకా సాదా జైలు లేదా 1,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ లేదా సమాజ సేవ. తాగి బండి నడపడం వేరే సంగతి, అది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కిందికి వస్తుంది, మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ. ఆ సెక్షన్‌లో సమాజ సేవ అనే మాటే లేదు. అయినా కొత్త చట్టం రాకముందే తాగి బండి నడిపి దొరికినవాళ్లని మన విశాఖలో కోర్టు ఆర్కే బీచ్‌లో చెత్త ఏరమని పంపింది, పేపర్లో ఫొటోలు చూసే ఉంటారు. ఆ ఫొటోలు చూసి చాలామంది ఇదేదో అందరికీ దొరికే శిక్ష అనుకున్నారు.

చిన్న దొంగతనం దగ్గరికి వద్దాం. 303వ సెక్షన్ రెండో క్లాజులో మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. దాని కిందే ఒక మినహాయింపు రాశారు. సొత్తు విలువ 5,000 కంటే తక్కువుండాలి, మనిషికి అది మొదటి శిక్ష కావాలి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ మూడూ కుదిరితే శిక్ష సమాజ సేవే. జడ్జి గారి దయాదాక్షిణ్యం కాదు, చట్టమే అలా రాసింది. ఇంకో సంగతి, ఆ కోవలోకి వచ్చే దొంగతనం బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరికేది, పైగా వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చెయ్యడానికి వీల్లేనిది. అంటే ఆ ఫోను విలువ ఎఫ్ఐఆర్‌లో 13,999 బదులు వాడేసిన ఫోనుకి తగ్గట్టు నాలుగు వేలు అని పడుంటే ఆ కుర్రాడు అడవివరం జైలు గేటు దాటి ఉండేవాడే కాదు. పదకొండు రోజులు, ఒక గొలుసు, అన్నీ ఒక పాత బిల్లు కాగితం మీద. విలువ మీద అభ్యంతరం పెట్టడమనేది బెయిలు వేసినరోజే చెయ్యాల్సిన పని. ఫైల్లో ఎక్కడా ఆ ఊసే లేదు.

సేవ ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరు చూసుకుంటారు అనేది న్యాయ సంహితలో రాయలేదు. అది కోర్టుకే వదిలేశారు. ఇది మంచీ చెడూ రెండూ. మీ తరఫు లాయరు "ఫలానా ఆసుపత్రిలో, ఫలానా రోజుల్లో, పనికి వెళ్లే వేళలు పోకుండా" అని కాగితం మీద పెట్టి అడిగితే వినే వీలుంది, అడక్కపోతే ఏది పడితే అది.

ఇక అసలైన పాత మందు, ప్రొబేషన్. తప్పు తేలినా జైల్లో వెయ్యకుండా షరతుల మీద వదలడం. 1958లో వచ్చిన నేరస్తుల ప్రొబేషన్ చట్టం. నాకు దీని మీద కాస్త పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇంత పనికొచ్చే చట్టాన్ని ఇంత తక్కువ వాడటం నేను వేరే చోట చూడలేదు. 3వ సెక్షన్ ప్రకారం దొంగతనం, మోసం లాంటి కొన్ని నేరాల్లోనూ, రెండేళ్లకి మించి జైలు లేని నేరాల్లోనూ, పాత శిక్ష లేనివాణ్ని కోర్టు మందలించి పంపెయ్యొచ్చు. మందలింపు అంతే. 4వ సెక్షన్ ఇంకా విశాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, కేసు తీరూ మనిషి నడతా చూసి, శిక్ష వెయ్యకుండా బాండు రాయించుకుని వదలొచ్చు. మూడేళ్లకి మించని కాలం బుద్ధిగా ఉంటానని, పిలిస్తే వచ్చి శిక్ష తీసుకుంటానని బాండు. 5వ సెక్షన్ కింద బాధితుడికి పరిహారం, ఖర్చులు కట్టమనొచ్చు. బాండు తప్పితే కోర్టు మొదటి నేరానికి శిక్ష వెయ్యొచ్చు, లేదా మొదటి తప్పయితే 50 రూపాయలకి మించని జరిమానాతో సరిపెట్టొచ్చు. ఆ యాభై 1958 నాటి యాభై, ఇప్పటికీ మార్చలేదు, మా సీనియర్ గారు ఇది చదివినప్పుడల్లా నవ్వేవారు.

6వ సెక్షన్ ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్ల కోసం. యావజ్జీవం దాకా వెళ్లని నేరమైతే, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూడకుండా, ఎందుకు జైలు వెయ్యక తప్పదో కారణాలు రాయకుండా జైలు వెయ్యకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది తల్లిదండ్రులు గట్టిగా గుర్తుంచుకోవాలి. వయసు లెక్క నేరం జరిగిన రోజున కాదు, కింది కోర్టు తప్పు తేల్చి శిక్ష సంగతి చూసే రోజున. రామ్‌జీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే ఈ మాట తేల్చింది. ఇరవైలో పట్టుబడ్డ కుర్రాడి కేసు మూడేళ్లు వాయిదాలు పడితే 6వ సెక్షన్ రక్షణ చేజారిపోయినట్టే. 4వ సెక్షన్ మిగులుతుంది గానీ అందులో కోర్టు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. కాబట్టి "వాయిదా తీసుకుందాం, టైం లాగుదాం" అనే సలహా ఒక్కో కేసులో ఎదురు తంతుంది.

పద్దెనిమిది లోపు పిల్లలైతే దారే వేరు, జువెనైల్ జస్టిస్ బోర్డు. అక్కడ మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ ఇవన్నీ మామూలే. వయసు ధ్రువపత్రం మొదటి రోజే చేతిలో ఉంచుకోండి, అంతే.

ప్రొబేషన్ అందరికీ ఉండదు, అది కూడా తెలిసుండాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద శిక్ష పడ్డ పెద్దవాళ్లకి లేదు. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ప్రొబేషన్ మామూలుగా ఇవ్వొద్దని దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది, మన హైవే మీద యాక్సిడెంట్ కేసుల్లో ప్రభుత్వం తరఫు లాయరు పీపీ గారు మొదట చదివేది అదే. ఇక గంజాయి. మత్తు పదార్థాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది దాటినవాళ్లకి ప్రొబేషన్ దాదాపు మూసేసిన తలుపు. మత్తు పదార్థం వాడి దొరికినవాళ్ల లాంటి ఒకటి రెండు కోవలకే మినహాయింపు. గంజాయి కిలో దాకా అయితే చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. అది దాటి 20 కిలోల లోపు అయితే పదేళ్ల దాకా. అంతకి మించితే వాణిజ్య పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా, జరిమానా లక్షకి తగ్గదు. ఏజెన్సీ (మన్యం) నుంచి బ్యాగు దించిపెడితే ఇంత ఇస్తామంటే ఒప్పుకున్న కుర్రాళ్లని నేను కోర్టు వరండాలో చూశాను, బ్యాగులో ఎన్ని కిలోలో కూడా వాళ్లకి తెలీదు. వాళ్ల విషయంలో ఈ వ్యాసంలో చెప్పే ప్రత్యామ్నాయాలు చాలావరకు పనికిరావు, అక్కడ పోరాటమంతా తూకం, శాంపిల్, సోదా పద్ధతి మీదే.

ప్రొబేషన్ వస్తే ఉద్యోగం సంగతేంటని చాలామంది అడుగుతారు. ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ తప్పు తేలడం వల్ల వచ్చే అనర్హత అంటదు. అయితే తప్పు చేశాడన్న తీర్పు చెరిగిపోదు. ప్రభుత్వోద్యోగి అయితే ఆ ప్రవర్తన మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే, నేవీ ఉద్యోగాల చుట్టూ తిరిగే ఊరు మనది, ఈ తేడా ఇక్కడ ఇంటింటికీ కావాల్సిందే.

అందుకే రాజీ అనే దారి ఎప్పుడూ ముందు చూడాలి. నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్‌లో రాజీ పడదగిన నేరాల పట్టిక ఉంది. మామూలు దెబ్బలాట, బెదిరింపు, దొంగతనం లాంటివి బాధితుడు ఒప్పుకుంటే రాజీ అవుతాయి, కొన్నిటికి కోర్టు అనుమతి కూడా కావాలి. రాజీ అయితే ఫలితం నిర్దోషిగా విడుదల. శిక్షా లేదు, తప్పు చేశాడన్న తీర్పూ లేదు. దొంగతనం కేసులో రాజీ పడాల్సింది సొత్తు యజమాని. లోక్ అదాలత్ రోజున కోర్టుల్లో ఈ రాజీలు జోరుగా అవుతాయి. రాజీ పడమని బాధితుణ్ని బెదిరించడం మాత్రం ఇంకో కేసు కొని తెచ్చుకోవడం, అది నేను కళ్లారా చూశాను.

ప్లీ బార్గెయినింగ్ అని ఇంకొకటుంది. మన దగ్గర చాలామంది దీన్ని "అడ్మిట్ అయిపోవడం" అనుకుంటారు, రెండూ ఒకటి కాదు. అడ్మిట్ అవడమంటే జడ్జి గారు అడిగినప్పుడు తప్పు ఒప్పేసుకోవడం, శిక్ష ఎంతనేది ఆయన ఇష్టం. ప్లీ బార్గెయినింగ్‌లో అర్జీ పెట్టి, బాధితుడితో, ప్రాసిక్యూషన్‌తో కూర్చుని ఒప్పందానికి వచ్చి, పరిహారం తేల్చుకుని, తగ్గిన శిక్ష తీసుకుంటారు. ఏడేళ్లకి మించి జైలు లేని నేరాలకే. స్త్రీల మీద, పిల్లల మీద జరిగినవాటికి లేదు. దేశ సామాజిక ఆర్థిక స్థితిని దెబ్బతీసేవిగా ప్రకటించిన నేరాలకీ లేదు. కొత్త చట్టంలో గడువు పెట్టారు, కోర్టు అభియోగం నమోదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. మొదటిసారి తప్పు చేసినవాడికి కనీస శిక్ష ఉన్న నేరమైతే ఆ కనీసంలో నాలుగో వంతు, లేకపోతే ఆ నేరానికి చెప్పిన శిక్షలో ఆరో వంతు వెయ్యొచ్చు. దొంగతనానికి మూడేళ్లు కాబట్టి ఆరో వంతంటే ఆరు నెలలు. రిమాండులో గడిపిన రోజులు అందులోంచి తీసేస్తారు. అసలు ఆ దశలోనే ప్రొబేషన్ వర్తిస్తుందేమో కోర్టు చూడొచ్చు, ఇది చాలామంది లాయర్లు కూడా ఎత్తరు. అయితే ఆ తీర్పు మీద మామూలు అప్పీలు ఉండదు, తప్పు ఒప్పుకున్నట్టే రికార్డులో ఉంటుంది. ఫైన్ కట్టేసి ఇంటికి పోదాం అన్న తొందరలో సంతకం పెట్టి, ఆ తర్వాత పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గర తల పట్టుకున్నవాళ్లున్నారు.

టీవీలో చూసి "శిక్ష సస్పెండ్ చేయించండి" అనేవాళ్లకో మాట. మన దగ్గర శిక్ష సస్పెన్షన్ అంటే శిక్ష తప్పిపోవడం కాదు, అప్పీలు తేలేదాకా ఆపడం. బెయిలు మీదున్న మనిషికి మూడేళ్లు గానీ అంతకి తక్కువ గానీ పడితే, అప్పీలు వేసుకుంటానని చెప్తే శిక్ష వేసిన కోర్టే కొంతకాలం బెయిలు ఇస్తుంది, ప్రత్యేక కారణాలుంటే తప్ప కాదనదు. మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకి అప్పీలు గడువు 30 రోజులు. తీర్పు రోజున ఇంటికి పోదామన్న ధైర్యంతో కాగితాలేవీ లేకుండా వచ్చి, సాయంత్రం ఎస్కార్టు బండి ఎక్కినవాళ్లు ఉన్నారు. జామీనుదార్లని ఆ రోజుకి సిద్ధంగా ఉంచుకోండి.

ఇప్పుడు ఖర్చు. క్రిమినల్ కేసులో ముద్దాయి కట్టే కోర్టు ఫీజు లెక్కలోకి రానంత చిన్నది. వకాల్తా మీద స్టాంపులు, అర్జీల మీద స్టాంపులు, అంతే. ఛార్జిషీటు, దాంతో వచ్చే కాగితాల నకళ్లు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, హాజరైన రోజు నుంచి 14 రోజుల్లో. జైలు శిక్ష పడితే తీర్పు నకలు కూడా ఉచితమే. మరి డబ్బంతా ఎటు పోతుందంటే లాయరు ఫీజు, వాయిదా వాయిదాకీ చిన్న చిన్న ఖర్చులు, జామీనుదార్ల రానూపోనూ, అన్నిటికంటే ఎక్కువ పనికి గండి. గాజువాక నుంచో పెందుర్తి నుంచో కూలీ మానుకుని పదింటికి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటే వాయిదా పడుతుంది. ఆ కూలీ ఎవరి పుస్తకంలోనూ రాయరు.

ఫీజు ఇంతే అని చట్టం లేదు. కొందరు కేసు మొత్తానికి ఒక మాట, కొందరు దశకి ఇంతని, కొందరు బెయిలుకి వేరే, విచారణకి వేరే. నా సలహా ఒక్కటే, బెయిలు మాట్లాడేటప్పుడే తర్వాతి మాటలూ మాట్లాడుకోండి. ఛార్జిషీటు వచ్చాక ఎంత, సాక్షుల విచారణకి ఎంత, తీర్పు రోజున ప్రొబేషన్ అర్జీ వేస్తారా, అది ఇందులో కలిసిందా. ఇలా అడిగితే కోపం వచ్చే లాయరు దగ్గర ఉండకపోవడమే మంచిది. మా సీనియర్ గారికీ కోపం వచ్చేది, కానీ సమాధానం చెప్పేవారు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదో, కనీసం ఫోన్‌పే రికార్డో ఉంచుకోండి. "గెలిస్తే ఇంత ఇవ్వండి" అని ఫలితానికి ఫీజు ముడిపెట్టడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. "పై వాళ్లకి ఇవ్వాలి" అని ఎవరైనా అంటే ఆ మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి, ఆ డబ్బు ఎక్కడికీ వెళ్లదు, వెళ్లినా అది ఇంకా పెద్ద నేరం.

ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వకపోతే? ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లో స్పష్టంగా చెప్పింది, ఫీజు కోసం క్లయింటు కాగితాలు పట్టుకుని ఉంచుకునే హక్కు లాయరుకి లేదు, బాకీ వసూలుకి వేరే దారి చూసుకోవాలి. లాయరు పని సరిగ్గా చెయ్యలేదని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడం ఇక కుదరదు, 2024 మే నెలలో డి.కె. గాంధీ కేసులో ఆ తలుపు మూసేశారు. దుష్ప్రవర్తన అయితే బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఇక ఉచిత లాయరు. పైసా ఖర్చు లేకుండా లాయరు అనగానే మనవాళ్ల ముఖం మారిపోతుంది, "ఊరికే వచ్చినాయన ఏం వాదిస్తాడండీ" అని. కొంత నిజముండేది, న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉండే పేనల్ లాయర్లకి ఇచ్చేది తక్కువ, కొందరు మొక్కుబడిగా వచ్చేవాళ్లు. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి తెచ్చింది. ఇందులో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని లాయర్లని పూర్తికాలం పెట్టుకుంటారు, వాళ్లు ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ప్రభుత్వం తరఫున పీపీ ఉన్నట్టే ముద్దాయి తరఫున వీళ్లు. రోజూ అదే కోర్టులో ఉంటారు కాబట్టి శిక్ష మీద ఏం అడగాలో, ఏ కాగితం పెట్టాలో వాళ్లకి చేతి అలవాటు.

ఎవరికి దొరుకుతుందంటే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చూడండి. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు, కస్టడీలో ఉన్నవాళ్లు. వీళ్లకి ఆదాయంతో పనే లేదు. నెలకి లక్ష జీతమున్న ఆవిడైనా ఆడమనిషి కాబట్టి అర్హురాలే, లాకప్‌లో ఉన్నవాడు ఎవరైనా సరే అర్హుడే. మిగతావాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తెల్లకాగితం మీద రాసిస్తే చాలు, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. మేజిస్ట్రేట్ ముందు మొదటిసారి హాజరుపరిచే రోజు నుంచే ఈ హక్కు ఉందని 1980లో ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అనడం కుదరదని 1986లో సుక్‌దాస్ కేసులో చెప్పింది. మన గోపాలపట్నం కుర్రాడు ఆ పదకొండు రోజులూ కస్టడీలోనే ఉన్నాడు కదా.

జామీను దగ్గర ఆగిపోయినవాళ్లకి రెండు మాటలు. బెయిలబుల్ కేసులో వారం లోపల జామీను చూపలేని మనిషిని పేదవాడిగానే భావించి సొంత బాండు మీద వదలాలి. ఇతర కేసుల్లో బెయిలు వచ్చి వారమైనా జైల్లోనే ఉంటే ఆ సంగతి జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది, అప్పటి నిబంధనల్లో బెయిలు పూచీకత్తుకి 40,000 దాకా, శిక్ష పడ్డవాళ్ల జరిమానాకి 25,000 దాకా సాయమని. గంజాయి కేసులకి అది వర్తించదు. జామీనుకి మనిషిని "చూసిపెడతాం" అని గేటు దగ్గర తిరిగేవాళ్ల మాట నమ్మకండి, దొంగ జామీను బయటపడితే బెయిలు రద్దవుతుంది, పైన ఇంకో కేసు.

శిక్ష రోజు సంగతి కాస్త నిదానంగా చెప్తాను, ఇది నేను వందసార్లు చూసింది. తప్పు చేసినట్టు తేలిందని చెప్పాక జడ్జి గారు "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు. ముద్దాయి చేతులు కట్టుకుని "పెళ్లాం పిల్లలున్నారు బాబూ, దయ చూపండి" అంటాడు. అది స్టెనో ఒక్క లైనులో కొట్టేస్తారు. అయిపోయింది. ఆ ఒక్క నిమిషంలో బల్ల మీద కాగితాలుంటే కథ మారుతుంది. వయసు ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్లు, పనిచేసే చోట ఇచ్చిన ఉత్తరం, తల్లి వైద్యం కాగితాలు, పాత కేసులేవీ లేవన్న సంగతి, బాధితుడికి డబ్బు కట్టేసినట్టు రసీదు. ముఖ్యంగా ముద్దాయికి గానీ జామీనుదారుకి గానీ ఆ కోర్టు పరిధిలో స్థిర నివాసమో స్థిరమైన పనో ఉన్నట్టు ఆధారం, ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ అది అడుగుతుంది. బతుకుతెరువుకి శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి గాజువాకలో అద్దెకుండేవాళ్లకి తగిలే ముల్లు ఇదే. అద్దె కాగితం, కాంట్రాక్టరు ఉత్తరం ముందే సంపాదించాలి. పైగా ప్రొబేషన్ ఇవ్వదగిన కేసులో ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో తీర్పులో ప్రత్యేక కారణాలు రాయాలని సురక్షా సంహిత 402వ సెక్షన్ చెప్తుంది. అర్జీ రాతపూర్వకంగా పెడితే కారణం రాతపూర్వకంగా వస్తుంది, అది అప్పీలులో పనికొస్తుంది. అప్పీలు కోర్టు కూడా ప్రొబేషన్ ఇవ్వగలదు, ఆ సంగతి ప్రొబేషన్ చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది.

ఇంత పని ఉన్న రోజుకి చాలామంది దగ్గర లాయర్ ఫీజు డబ్బు మొదట్లోనే అయిపోయి ఉంటుంది. అప్పులూ తాకట్లూ అన్నీ బెయిలు కోసమే. బెయిలు వచ్చాక ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, కేసు అయిపోయిందనే అనుకుంటారు. తర్వాత వాయిదాలకి ఎవరో జూనియర్ వస్తారు, ఒకసారి ఎవరూ రారు, ముద్దాయి ఎందుకు రాలేదో చెప్పుకునే ఆబ్సెంట్ పిటిషన్ పడదు, వారంటు వస్తుంది, ఆ వారంటు రీకాల్ (వెనక్కి) చేయించడానికి మళ్లీ ఫీజు. లాయర్లని మొత్తంగా తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, రోజుకి పది కోర్టులు పరిగెత్తే జూనియర్ల కష్టం నాకు తెలుసు. కానీ బెయిలు దశలో ఉచిత లాయర్ని వాడుకుని, ఉన్న డబ్బేదో విచారణకీ శిక్ష రోజుకీ దాచుకుంటే అదే డబ్బు రెండింతలు పనిచేస్తుందని నేను ఎవరికైనా చెప్తాను. ముద్దాయి ఇంటివాళ్లూ లాయరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

గోపాలపట్నం కుర్రాడి కేసు లోక్ అదాలత్‌లో తేలింది. ఫోను షాపాయనకి ముందే తిరిగి వెళ్లింది. ఆయన మంచివాడు, "కుర్రాడి బతుకు ఎందుకు పాడవ్వాలండీ" అని రాజీ కాగితం మీద సంతకం పెట్టాడు. విడుదల. మా సీనియర్ గారు ఫీజు పుచ్చుకోలేదు, నా చేత స్టాంపుల డబ్బు మాత్రం వసూలు చేయించారు. బయటికొచ్చాక ఆవిడ టీ బడ్డీ దగ్గర కూర్చుని అడిగింది, "ఇదేదో మొదటి రోజే అయిపోను గదేటి బాబూ, మరి అప్పుడెవులూ సెప్పలేదేటి?" నా దగ్గర సమాధానం లేదు. టీ డబ్బులు నేనే ఇచ్చాను. మొన్న కంచరపాలెంలో కనబడింది, కొడుకు వెల్డింగ్ పనికి వెళ్తున్నాడట. గొలుసు ఇంకా కుదువలోనే ఉందట, వడ్డీ కడుతోంది.